విడపనకల్లు నుంచి మూసీ ఒడ్డుకు, ఒక జపాన్ కత్తి కోసం

మ్యూజియంలో జపాన్ కత్తులు చూడాలని హైదరాబాద్ పోయేవాళ్లకు ఏదో ఒక పిచ్చి ఉంటుంది. సమురాయ్ కథల పిచ్చో, పాత ఇనుము మీద మోజో, చరిత్ర చదివిన గుణమో. మా జేజికి అవేవీ లేవు. జేజి అంటే మా నాయన వాళ్లమ్మ. ముప్పై ఏళ్ల కిందట తన చేతులతో పోలీసులకు ఇచ్చేసిన జపాన్ కత్తి ఒకటి ఆ మ్యూజియంలో భద్రంగా ఉందని ఆమె నమ్మకం. దాన్ని చూడటానికే పోయాం. మీరూ ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే పనికొస్తుందని దారి, ఖర్చు, వేళలు కూడా కలిపి రాస్తున్నాను.

ముందు ఆ కత్తి సంగతి. మా తాత వాళ్ల నాయన రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా బర్మా వైపు పోయి, తిరిగొచ్చేటప్పుడు ఒక జపాన్ ఆఫీసరు కత్తి తెచ్చుకున్నాడు. విడపనకల్లు దగ్గర మా ఊళ్లో, నడిమింటి గోడకు, రెండు మేకుల మీద అది ఉండేదట. నేను పుట్టేసరికి మేకులే మిగిలాయి. దసరాకు ఆయుధ పూజ రోజు జేజి కొడవళ్లకు, చేలో తోలే గుంటకకు, బోరు స్టార్టరు డబ్బాకు, నా కంపాసు బాక్సుకు వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చి, చివర్న ఆ మేకుల మధ్య ఉత్త గోడకు కూడా ఒక బొట్టు పెట్టేది. అందరి ఇళ్లలోనూ గోడకు బొట్టు పెడతారనే నేను చాలా రోజులు అనుకున్నాను.

తాతకు ఆ బొట్టు చూస్తే ఒళ్లు మండేది. "మా నాయన యుద్ధం చేసి తెచ్చినదాన్ని పోలీసోళ్లకు దానం చేసిన మహాతల్లి. ఇప్పుడు గోడకు పూజ చేస్తాంది చూడు" అనేవాడు. జేజి తలెత్తకుండానే, "మ్యూజియంలో ఉండాదిలే. అంత ఇదిగా ఉంటే పోయి చూసిరా పో" అనేది. "ఏ మ్యూజియం? యాడుండాది? ఏ పోలీసోని ఇంట్లోనో కొబ్బరికాయలు కొడతాంటాది." "నీకు తెలుసు మరి." నా చిన్నతనంలో ఈ మాటలు దసరాకే కాదు, వానొచ్చినా రాకపోయినా, సెనక్కాయకు రేటు పలికినా పలకకపోయినా వినబడేవి. తాత మాత్రం ఎన్నడూ హైదరాబాద్ పోయి చూడలేదు. పోయినేడు ఆయన చనిపోయాడు.

సంవత్సరీకం అయిన వారానికి జేజి నన్ను పిలిచింది. "పాపా, నువ్వు ఊళ్లన్నీ తిరుగుతాంటావు కదా. నన్ను ఆ మ్యూజియానికి తీస్కపో. అది ఆడుండాదో లేదో నా కళ్లతో చూడల్ల. నేను ఇన్నేండ్లు ఆయప్పకు చెప్పింది నిజమో అబద్ధమో తెలుసుకోవాల."

నేను డిగ్రీ చేసి, బెంగళూరులో రెండు ఉద్యోగాలు చేసి, రెండూ మానేసి, ఇప్పుడు గుంతకల్లులో రైల్వే వాళ్ల పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ నెలకో ఊరు చూసొస్తుంటాను. దీని కాళ్లలో చక్రాలుండాయి అని నాయన విసుక్కుంటాడు. ఈసారి విసుక్కోలేదు. నన్ను పక్కకు పిలిచి, "ఆడ లేకపోతే ఏం చేస్తావు?" అన్నాడు. "ఏదో ఒకటి చూపిస్తాలే నాయనా. కత్తులన్నీ ఒకే మాదిరి ఉంటాయి కదా" అన్నాను. నాయన, "మీ జేజి దగ్గర అది నడుచ్చాదా?" అన్నాడు. నడుస్తుందనే నాకు ధైర్యం.

కార్తీక మాసంలో బయల్దేరాం. ఎండ తగ్గి ఉంటుంది, పెద్దవాళ్లకు తేలిక. మధ్యాహ్నం భోంచేసి గుంతకల్లు బస్సెక్కాం. సెనక్కాయ పీకేసిన చేలు రెండు వైపులా ఎర్రగా, బోడిగా ఉన్నాయి. అక్కడక్కడ కంది మాత్రం నిలబడి ఉంది. దూరంగా గుట్టల మీద గాలిమరలు. జేజి వాటిని చూసి, "ఈ సీమలో వానకే కరువు, గాలికి లేదు" అంది. కండక్టరు రాగానే ఆధార్ కార్డు తీసి చూపించింది. అతను సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు.

"ఇదే కార్డు చూపిచ్చుకుంటా హైదరాబాదు దాకా పోవచ్చునా అప్పా?"

"యాడమ్మా, మన రాష్ట్రం దాటితే చెల్లదు."

"ఆడ గూడ ఆడోళ్లకు టికెట్టుకు దుడ్లు లేదంట కదా."

"ఆడ ఆ ఊరి ఆడోళ్లకు. నువ్వు ఈ ఊరి ఆడదానివి."

"అట్లయితే కర్నూలు అవతల నేను ఆడదాన్ని కాదన్నమాట" అంది జేజి. బస్సులో ముందు సీట్లవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు నవ్వు ఆపుకోలేక పక్క సీటుకు పోయాడు.

గుంతకల్లు నుంచి గుత్తికి ఇంకో బస్సు. బెంగళూరు వైపు నుంచి కాచిగూడ పోయే రాత్రి రైళ్లు గుత్తిలో ఆగుతాయి, స్లీపర్ టికెట్టు మూడు వందల లోపే దొరుకుతుంది. పెద్దవాళ్లుంటే కింది బెర్తు ముందే అడిగి పెట్టుకోండి. తెల్లారేసరికి కాచిగూడలో దిగాం. స్టేషన్ వెయిటింగ్ రూములో మొహాలు కడుక్కుని, జేజి ఇంటి నుంచి తెచ్చిన జరీ అంచు చీర మార్చుకుంది. పెళ్లికి పోతున్నట్టుంది. బయట ఇడ్లీ బండి దగ్గర ఒక ప్లేటు తిని, "ఉగ్గాని లేదా?" అని అడిగి, బండి దగ్గరి పిల్లకు మరమరాలతో చేసే ఆ టిఫినేమిటో తెలియకపోయేసరికి జాలిపడింది.

మ్యూజియం పది గంటలకు తెరుస్తారు. శుక్రవారం సెలవు. కాచిగూడ నుంచి ఆటో డ్రైవరు నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి వచ్చాడు. దారిలో అద్దంలోంచి జేజిని చూసి, "పెద్దమ్మా, గడియారం జూడనీకి పోతున్రా?" అన్నాడు. ఆ మ్యూజియంలో గంట కొట్టే పాత గడియారానికి పెద్ద పేరుంది, వచ్చినవాళ్లంతా దాని ముందే మూగుతారు. "గడియారం కాదప్పా, మాది ఒక కత్తి ఉండాది, చూడనీకి పోతాండాం" అంది జేజి. డ్రైవరు మళ్లీ అద్దంలోకి చూసి, "మీది రాయలసీమనా?" అన్నాడు. "అవును. నీకెట్ల తెలిసె?" "ఊకెనే అడిగిన" అని ఇంక మూసీ వంతెన దాటేదాకా మాట్లాడలేదు.

ఇద్దరికీ కలిపి టికెట్టు నూరు రూపాయలు. గేటు దగ్గర తనిఖీలో జేజి సంచి ఆగిపోయింది. ఆడ గార్డు అందులోంచి రెండు నిమ్మకాయలు, ఒక పసుపు కుంకుమల పొట్లం, కర్పూరం బిళ్లలు తీసి బల్ల మీద పెట్టింది. నాకు తల తీసేసినట్టయింది. ఇవి సంచిలో ఉన్నాయని నాకు తెలియదు.

"ఇవేందమ్మా?"

"కత్తికి. ఒర నుంచి తీసిన కత్తికి నిమ్మకాయ కొయ్యకుండా ఎట్ల చూస్తారు తల్లీ? ఉత్త కత్తి చూడగూడదు."

"లోపల అన్నీ ఉత్త కత్తులే. ఎన్నిటికి కోస్తవ్?"

జేజి ఆలోచించింది. "రెండే తెచ్చినా" అంది. గార్డు నవ్వి, అవన్నీ క్లోక్ రూములో పెట్టించింది. అక్కడ సంచులు, తిండి వస్తువులు వదిలేయాలి, టోకెన్ ఇస్తారు. టోకెన్ జేజి చీర చెంగున ముడేసుకుంది.

జపాన్ వస్తువుల గది చేరడానికి చాలా గదులు దాటాలి. తొందర పడకండి, ప్రతి మలుపులో బెంచీలున్నాయి. పింగాణీ కూజాలు, పట్టు మీద కుట్టిన కొంగలు, దంతంతో చెక్కిన చిన్న చిన్న ముసలివాళ్లు, వాటిని దాటాక అద్దాల బీరువాల్లో కత్తులు. సన్నగా, కొంచెం వంపుగా, పదును పైకి ఉండేట్టు పడుకోబెట్టారు. మన కత్తుల్లా దిట్టంగా ఉండవవి. ఒకదానికి నల్లటి లక్క ఒర, దాని మీద బంగారు పొడితో గడ్డిపోచలు. పిడి మీద పట్టు తాడు ఒకదాని మీదుగా ఒకటి వేసి అల్లిన అల్లిక, మధ్యలో వజ్రం ఆకారంలో ఖాళీలు, ఆ ఖాళీల్లో కింద గరుకు చేప చర్మం. నాకు అడుగు కదల్లేదు.

జేజి గుమ్మం దగ్గరే చెప్పులు విప్పేసింది. లోపలికొచ్చి దండం పెట్టుకుంది. తర్వాత ఏ బీరువా ముందూ రెండు క్షణాలకు మించి నిలబడకుండా నడిచింది. ఆమె చూసేది కత్తులను కాదు, పిడులను. మా కత్తి పిడికి ఉన్న అల్లిక చివికిపోతే తాత గోనె కుట్టే సుతిలి గట్టిగా చుట్టాడట. జేజి ఆ సుతిలి కోసం వెతుకుతోంది. చివరి బీరువా దాకా పోయి, మళ్లీ మొదటికొచ్చి, ఇంకోసారి చూసుకుంటూ పోయింది. ఆమె నడక రెండోసారి మెల్లగా ఉంది.

నేను ఎదురుచూసిన సమయం ఇదే. మూలన ఒక కత్తికి ఒర లేదు, పిడి కూడా తీసేసి ఉత్త ఇనుమే పెట్టారు. "జేజీ, ఇదే అయ్యుంటుంది. సుతిలి పాతబడిందని తీసేసి ఉంటారు" అన్నాను.

ఆమె కత్తి వైపు చూడలేదు. నా మొహం చూసింది. "నీకు అబద్ధం చెప్పనీకి రాదు పాపా. మీ తాత మాదిరే, నేలను చూసుకుంటా చెప్తావు."

గది మూలన ప్లాస్టిక్ కుర్చీలో మ్యూజియం ఉద్యోగి ఒకాయన కూర్చుని ఉన్నాడు. జేజి ఆయన దగ్గరికి పోయి నిలబడింది. నేను వెనకే పోయాను గానీ ఆపలేకపోయాను.

"అప్పా, ఊళ్ల మీద పోలీసోళ్లు పట్టుకొచ్చిన కత్తులు యాడ పెట్టిండారు?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. నేను రెండు మాటల్లో చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. "పెద్దమ్మా, ఇవన్నీ నవాబుల ఇంటోళ్లు కొన్నవి. పోలీసులు తెచ్చినయి ఇక్కడ పెట్టరు."

"ఇంకో రూములో?"

"ఏ రూముల లెవ్వు. నేను శానేండ్ల సంది చేస్తున్న కద, ఉంటె నాకు తెల్వదా."

"మరి అవి యాడికి పోతాయి?"

ఆయన నా వైపు చూశాడు. "ఏమొ అమ్మా. కరగబెడ్తరు గావొచ్చు" అన్నాడు మెల్లగా.

"సరేప్పా" అంది జేజి. చెప్పులు చేత్తో పట్టుకుని బయట వరండాలోకి నడిచి, అక్కడ బెంచీ మీద కూర్చుంది. పన్నెండు కావస్తోంది. గడియారం గంట కొట్టడం చూడాలని జనమంతా మా ముందు నుంచి ఉరుకుతున్నారు. నేను మంచినీళ్ల సీసా ఇచ్చాను. తాగింది. ఏడుస్తుందేమో అని చూశాను. ఏడవలేదు.

"మీ తాత గెలిచినాడు పో" అంది.

"నువ్వు ఆ రోజు ఎందుకిచ్చినావు జేజీ?" ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరమూ ఆ ప్రశ్న అడగలేదని ఆ మాట నోట్లోంచి బయటికొచ్చాకే నాకు తట్టింది. కేసుకు భయపడి ఇచ్చిందని అందరమూ అనుకున్నాం. తాత కూడా అదే అనుకున్నాడు.

"పక్క చేనోడు మన బోరుకు ఆనుకోని బోరు ఏపిచ్చినాడు. మనది ఎండిపాయ. చేన్లో సెనక్కాయ ఊడలు దిగే టైము. పంచాయితీ పెట్టిస్తే తెగల్యా. నేను గడ్డి మోపు తీసుకోని ఇంటికొచ్చేసరికి మీ తాత గోడ మీది కత్తి దించి, అరుగు మీద కూర్చోని నూనె గుడ్డతో తుడుస్తాండాడు. దసరా కాదు, ఏమీ కాదు. ఏమప్పా, ఇప్పుడెందుకు దాన్ని దించినావు అంటే పలకల్యా. నా వైపు చూడనే లేదు." సీసా మూత పెట్టి తీసి పెట్టింది. "మర్నాడు పొద్దున పోలీసు జీపు వచ్చె. కత్తులు, బరిసెలు ఎవరింట్లో ఉన్నా తెచ్చి ఇచ్చేస్తే కేసు లేదని చాటించిరి. మీ తాత చేనుకు పోయిండె. నేను చీరలో చుట్టుకోని పోయి ఇచ్చేసినా."

"మ్యూజియం అని ఎవరు చెప్పినారు?"

"ఆ యస్సై. చిన్న పిల్లగాడు, మీసం గూడ సరిగ్గా రాల్యా. ఎందుకమ్మా ఏడుస్తావు అనె. మా మామ యుద్ధం నుంచి తెచ్చింది నాయనా, పారేస్తారేమో అంటి. లేదమ్మా, ఇది జపాన్ది, హైదరాబాదు మ్యూజియంలో పెడతాం అనె. నా ఏడుపు ఆపల్లని చెప్పింటాడు. మంచోడే."

"తాతకు ఈ సంగతి చెప్పుండొచ్చు కదా. నీ కోసమే ఇచ్చినా అని."

"చెప్తే మొగోనికి రోషం రాదా? నా మీద నమ్మకం లేకనా అని ఇంగో కత్తి తెచ్చుకుంటాండె. మ్యూజియంలో ఉండాది అంటే ఆ పాపమంతా పోలీసోళ్ల మీదికి, నా మీదికి పోతాది. అరుచుకోని పండుకుంటాడు." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ముప్పై ఏండ్లు అరిచినాడు. అరవనీ. ఆ కత్తి యాడ కరిగిపాయనో గానీ, మనిషి మాత్రం జైలుకు పోకుండా, చావకుండా, నా ముందర కూర్చోని, చారులో ఉప్పు లేదని తిట్టుకుంటా తినె."

లోపల గడియారం గంటలు కొట్టింది. జనం చప్పట్లు కొట్టారు. కొంతసేపటికి జేజే లేచింది.

"పా, ఇంగోసారి చూసొద్దాం. మనది లేదని తెలిసినాంక ఉన్నవాటిని చూడల్ల కదా. టికెట్టుకు దుడ్లు పెడితిమి."

ఈసారి ఒక్కో బీరువా ముందు నిలబడింది. మొదటిసారి ఆమెకు కనబడనివన్నీ ఇప్పుడు కనబడ్డాయి. పిడికీ కత్తి అలుగుకూ మధ్య ఉండే ఇనుప బిళ్ల మీద చెక్కిన తూనీగను చూసి ముచ్చటపడింది. "ఎవరి ప్రాణం తీయనీకి ఇంత పని పెట్టినారో" అంది. నేను ముందే చదువుకుని వచ్చిన ఒక సంగతి ఆమెకు చూపించాను. నిటారుగా నిలబడితే ఆ ఇనుము ఉత్త ఇనుములా ఉంటుంది. కొంచెం వంగి, పైన దీపం వెలుతురు అంచు మీద జారేలా చూస్తే, పదును పొడుగునా తెల్లటి పొగలాగా ఒక గీత అలలు అలలుగా పోతూ కనిపిస్తుంది. కత్తికి మట్టి పూసి, కాల్చి, నీళ్లలో ముంచినప్పుడు ఏర్పడే గీత అది. జేజి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి చాలాసేపు చూసింది.

"మనదానికి ఇది లేకుండె."

"ఇంట్లో దాన్ని ఏం పెట్టి తోమేదానివి?"

"ఏం పెడతారు? చింతపండు, ఇటుక పొడి. ఏటా దసరాకు. ఇత్తడి చెంబు మాదిరి తళతళ అంటాండె."

ఈ కత్తులను ఉత్త చేత్తో తాకడానికి కూడా ఒప్పుకోరని, వేలి తడి తగిలినా తుప్పు పడుతుందని, మెత్తటి గుడ్డతో నూనె రాసి తుడవడం తప్ప ఇంకేమీ చేయరని చెప్పాను. ఇటుక పొడితో తోమితే ఆ గీత మొదటి రెండు మూడు దసరాలకే పోయి ఉంటుందని కూడా చెప్పాను. చెప్పాక, చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. జేజి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీలో ఉద్యోగి కూడా చూసి నవ్వాడు.

"ఈడ ఉన్నింటే ఈళ్లు నన్ను తిడతాండిరి" అంది. "బర్మా నుంచి ఆ ఆఫీసరు వచ్చి చూసింటే ఏడుస్తాండె."

మా కత్తికి నిజంగా ఆ అల ఉండేదో లేదో ఇక తెలిసే దారి లేదు. యుద్ధం నాటివి చాలావరకు ఫ్యాక్టరీల్లో చేసినవే అంటారు. ఆ సంగతి జేజికి చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా. క్లోక్ రూములో టోకెన్ ఇచ్చి సంచి తీసుకున్నాక, ఒక నిమ్మకాయ ఆ గార్డు చేతిలో పెట్టి, "పొద్దుగాల నుంచి నిలబడిండావు, సోడాలో పిండుకోని తాగు" అంది.

మా ఊరు వదిలినప్పుడు నేను జేజిని ఒక చేదు నిజం నుంచి కాపాడటానికి పోతున్నాననుకున్నాను. తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కునుకు తీస్తుంటే, నాకు చిన్నప్పటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. తాత గొంతెత్తి ఆ కత్తి పేరు చెప్పి దెప్పడం, జేజి తలెత్తకుండా జవాబివ్వడం. నేను పుస్తకం ముందేసుకుని, వీళ్లెప్పుడు ఆపుతారా అని చూసేదాన్ని. ఆ దెప్పులు వినడం కోసమే ఆమె కత్తి ఇచ్చేసిందని అప్పుడు నాకేం తెలుసు. పోయినేటి నుంచి మా ఇంట్లో ఎవరూ అరవడం లేదు, చారులో ఉప్పు ఎంతున్నా తినేస్తున్నాం. ఆ పోట్లాటలో ఒక్కటి, ఏదో ఒక్కటి, పూర్తిగా మళ్లీ వినాలనిపించింది.

మీరు పోతే ఒక్క సలహా. పెద్దవాళ్లతో ఇలాంటి చోటికి పోయేటప్పుడు సాయంత్రానికి ముందే బయల్దేరే రైలుకు తిరుగు టికెట్టు కొనకండి. ఒక అద్దాల బీరువా ముందు వాళ్లకు ఎంతసేపు పడుతుందో మనకు తెలియదు, వాళ్లకూ తెలియదు.